పద్నాలుగు సెకన్ల దారం

మా స్టూడియోలో నాకు పెట్టిన పేరు పిసినారి. అది ముద్దుపేరు కాదని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. అయినా ఎవరూ మానలేదు. ఆ పేరుతో పిలిస్తే పలకడం నేనూ మానలేదు, ఎందుకంటే నేను పలక్కపోతే ఎవరో ఒకరు నన్ను అడక్కుండా ఏదో ఒక మీట నొక్కేస్తారు.

మేం తీసేవి కదిలే బొమ్మల సినిమాలు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. టైర్ల దుకాణం పైన మూడో అంతస్తులో మా ఆఫీసు. ఆరు బల్లలు, ఆరు తెరలు ఉంటాయి గానీ, అసలు పని చేసేది మూల గదిలో చల్లగా కూర్చున్న ఒకే ఒక్క పెద్ద మెషీన్. దాని మెమరీనే అందరూ పంచుకోవాలి. ఆ పంపకం నా చేతిలో ఉంది. ఎవరికి ఎంత పోయాలో, ఎవరి దగ్గర ఎప్పుడు లాక్కోవాలో చూడటమే నా ఉద్యోగం. బొమ్మలు నేను చూడను. బొమ్మల కింద పాకే ఆకుపచ్చ గీత చూస్తాను. ఆ గీత ఎందాకా పాకితే అందాకా బొమ్మలు క్యాష్‌లో చేరినట్టు.

క్యాష్ మెమరీ అంటే డబ్బు సంగతి కాదు. ఒకసారి తయారుచేసిన బొమ్మని మళ్ళీ మళ్ళీ తయారుచేసే శ్రమ లేకుండా సాఫ్ట్‌వేర్ ఓ పక్కన దాచుకుంటుంది, పొద్దున్న హడావుడి పడకుండా కూరగాయలు ముందే తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకున్నట్టు. దాచినవి ఉన్నంతసేపూ సీను సాఫీగా ఆడుతుంది. ఫ్రిజ్ నిండిందంటే మాత్రం కొత్త డబ్బా పెట్టాలంటే పాత డబ్బా పారేయాల్సిందే. అప్పుడు సీను ఆగి ఆగి, నత్తి వచ్చినట్టు ఆడుతుంది. మా ఆఫీసులో ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ డబ్బా పారేయమనేవాళ్ళే.

అందుకని ఏడాది కిందట నేనొక రూలు పెట్టాను. తెర అడుగున రిజల్యూషన్ అని ఒక చిన్న మీట ఉంటుంది. ఫుల్, హాఫ్, క్వార్టర్. ఇకమీదట అందరూ క్వార్టర్‌లోనే చూసుకోవాలన్నాను. క్వార్టర్ అంటే అడ్డంగా నాలుగు చుక్కలకి ఒకటి, నిలువుగా నాలుగు చుక్కలకి ఒకటి. అంటే పదహారు చుక్కల్లో ఒక్కటే తెర మీదికి వస్తుంది. బొమ్మ కాస్త మసకబారుతుంది, మెమరీ మాత్రం పదహారో వంతే ఖర్చు. ఆఫీసంతా నా మీద ఒంటికాలి మీద లేచింది. గోడలూ చెట్లూ ఆకాశాలూ వేసే రంగులక్క నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం నాకు చాలా పని అయింది. పొగలూ మంటలూ చేసే పొగాయన తన బల్ల మీద నా కార్టూన్ వేసి అతికించాడు, అదీ క్వార్టర్ సైజులో. దర్శకుడొక్కడే సంతోషించాడు. సాయంత్రాలు సీన్లు చూసేటప్పుడు అవి ఆగకుండా ఆడుతున్నాయి కదా, ఆయనకి అంతకంటే ఏం కావాలి? రిజల్యూషన్ అంటే ఏమిటో ఆయనకి తెలీదు. ఆయనకి తెలిసిన మీట లిఫ్టు మీట ఒక్కటే.

దర్శకుడు కాకుండా, నా రూలుకి ఒక్క మాట కూడా ఎదురు చెప్పని మనిషి ఇంకొకరు ఉన్నారు. మా పిన్ని.

సొంత పిన్నే. మా అమ్మ చెల్లెలు. కాగితం మీద పెన్సిలుతో బొమ్మలు కదిలించిన రోజుల నుంచి ఈ పనిలో ఉంది, ముప్పై నాలుగేళ్ళు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా తనే. నేను పిన్నీ అని పిలుస్తుంటే విని విని ఆఫీసంతా ఆవిడని పిన్నిగారూ అనడం మొదలెట్టింది. కుర్చీలోంచి ఒక ముసలమ్మ లేవాలంటే ముందు ఏ వేలు కదలాలో, ఏ మోకాలు విసుక్కోవాలో ఆవిడకి తెలుసు. నేను క్వార్టర్ అంటే, "అలాగేరా" అంది. నా వైపు ఒక్కళ్ళయినా ఉన్నారని పొంగిపోయాను.

ఈ ఏడు మాకు పెద్ద సినిమా వచ్చింది. కథలో ఒక ముసలమ్మ ఉంది, బట్టలు కుడుతుంది. ఆవిడవి మొత్తం నలభై ఒక్క సీన్లు. ఆ ముసలమ్మని ఎవరు గీస్తారన్నది తేల్చడానికి దర్శకుడు పిన్నికి ఒక పరీక్ష సీను ఇచ్చాడు. పద్నాలుగు సెకన్లు. కిటికీ పక్కన కూర్చుని ముసలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తుంది. రెండుసార్లు తప్పుతుంది. దారం కొసని నోట్లో తడిపి మూడోసారి ఎక్కిస్తుంది. ఎవరూ చూడకుండా కొంచెం నవ్వుకుంటుంది. అంతే. ఇది నచ్చితే నలభై ఒక్క సీన్లూ పిన్నివే.

ఆరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి దర్శకుడు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. తలుపు వేశాడంటే మంచి కబురు కాదు.

"పిన్నిగారికి నువ్వే నెమ్మదిగా చెప్పాలి," అన్నాడు.

"ఏమని సార్?"

సీను ఆడించాడు. నేను మొదటిసారి చూడటం అదే. ముసలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సూది ఎత్తి పట్టుకుంది. రెండో చెయ్యి తెచ్చి సూది దగ్గర ఆడించింది. వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ ఆడించింది. నవ్వింది.

"సూది ఉంది," అన్నాడు దర్శకుడు. "దారమేదీ?"

దారం లేదు. నిజంగానే లేదు. ముసలమ్మ పద్నాలుగు సెకన్లపాటు గాలిని సూదిలోకి ఎక్కించింది.

"ఐదుసార్లు చూశాను. దారం గీయడమే మర్చిపోయారయ్యా ఆవిడ. సీనంతా దాని గురించే కదా? మనసులో పెట్టుకోకు. వయసన్నాక అందరికీ వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెప్పే పని ఇద్దాం, గౌరవంగా ఉంటుంది. నాలుగున్నరకి నిర్మాతకి ఫోన్ చేసి ముసలమ్మ సీన్లు ఎవరు చేస్తున్నారో చెప్పాలి నేను."

నేను బడిలో చేరిన రోజు వేసుకున్న చొక్కాకి ఎన్నో గుండీ ఊడిపోయిందో ఇప్పటికీ చెప్పగల మనిషి, దారం మర్చిపోతుందా? నా బల్ల దగ్గరికి వచ్చి పిన్ని ఫైలు తెరిచాను. రెండు వందలవ బొమ్మ దగ్గర ఆపి, ఏడాదిగా ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ మీటని ఫుల్ మీద పెట్టాను.

దారం ఉంది. ముసలమ్మ వేళ్ళ మధ్య నుంచి సూది కంటి దాకా, సన్నగా, మధ్యలో చిన్న మెలికతో, తడిసిన కొస కాస్త మెరుస్తూ. ఒకే ఒక్క చుక్క మందం. పదహారు చుక్కల్లో పదిహేనింటిని నేను పారేయిస్తుంటే ఒక్క చుక్క మందం ఉన్న దారం ఎక్కడ మిగులుతుంది? దాన్ని పిన్ని మర్చిపోలేదు, నా రూలు మింగేసింది. నాకు సిగ్గేసింది. బల్ల కింద దూరిపోవాలన్నంత సిగ్గేసింది.

పరిగెత్తుకెళ్ళి ఆ ఒక్క బొమ్మా దర్శకుడికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని తెర మీదికి వంగాడు.

"ఉందే!"

"ఉంది సార్. తప్పు నాది. నాకు చెప్పండి పాఠాలు."

"నీ సంగతి తర్వాత. ఇది ఆగిన బొమ్మ. ఆగిన బొమ్మలో ఎవరైనా బాగానే ఉంటారు. మనిషి కదిలితేనే కదా తెలిసేది? నాలుగింటికి హాల్లో పెద్ద తెర మీద ఫుల్‌లో ఆడించు. అప్పుడు చెప్తా."

సమయం ఒకటిన్నర దాటింది. సీన్లని సినిమా ఫైలుగా తీసే విడి మెషీన్ ఇంకొకటుంది గానీ, అది మూడు రోజుల నుంచి ట్రైలర్ పనిలో ఉంది, దాన్ని కదిలిస్తే నిర్మాత మమ్మల్ని కదిలిస్తాడు. కాబట్టి సీను మొత్తాన్ని క్యాష్‌లోనే నింపి ఆడించాలి. సరే, ముందు పిన్నికి ఈ శుభవార్త చెబుదామని వెళ్ళాను. చెబితే ఆవిడ సంతోషించాలా వద్దా? పెన్ను బల్ల మీద పెట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దురా నాన్నా. ఒక్క బొమ్మ చూపించావుగా, చాల్లే."

"చాలదు పిన్నీ. కదలాలంటున్నాడు."

"నా ఒక్కదాని కోసం అందరి పనీ ఎందుకు ఆపడం? పాఠాలు చెప్పుకుంటే మాత్రం తప్పేముంది?"

"నీ మొహమాటం తగలెయ్య!" అన్నాను. పిన్నిని అనకూడని మాటే, అనేశాను. "నువ్వు తప్పుకుంటే ఆ ముసలమ్మని ఎవరికిస్తాడో తెలుసా? రోబోలు గీసేవాడికి. ఆవిడ మోకాలు లోపల స్ప్రింగులు పెడతాడు."

పిన్ని నవ్వలేదు. "నీ ఇష్టం," అంది. మొహమాటం కాబోలు అనుకున్నాను.

పద్నాలుగు సెకన్లంటే మూడు వందల ముప్పై ఆరు బొమ్మలు. ఫుల్‌లో నింపి చూస్తే ఆకుపచ్చ గీత నూట ఇరవై దగ్గర ఆగిపోయింది. ఐదు సెకన్లు. ముసలమ్మ మొదటి తప్పు దాకా వచ్చి గడ్డకట్టింది. మిగతాది ఎవరి దగ్గరో లాక్కోవాలి. ఏడాదిపాటు అందరి నోళ్ళూ కట్టేసినవాణ్ణి, ఇప్పుడు గిన్నె పట్టుకుని బయల్దేరాను.

ముందు పొగాయన. మెమరీలో దాదాపు సగం ఆయన పొగే తినేస్తుంది.

"గురూ, నీ పొగ సాయంత్రం దాకా ఆపాలి."

ఆయన కుర్చీ వెనక్కి వాల్చి చేతులు తల వెనక పెట్టుకున్నాడు. "నిన్న నేను పది బొమ్మలు ఫుల్‌లో చూసుకుంటానంటే నువ్వేమన్నావ్?"

"ఏమన్నాను?"

"పొగకి అంత వివరం ఎందుకు, ఎలాగూ పొగే కదా అన్నావ్."

"అన్నానా?"

"అన్నావ్. అందరి ముందూ అన్నావ్. ఇప్పుడు అందరి ముందూ సారీ చెప్పు."

చెప్పాను. గట్టిగా చెప్పమన్నాడు. గట్టిగా కూడా చెప్పాను. కింద టైర్ల దుకాణం వాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. పొగ ఆగింది. గీత రెండు వందల పది దాకా పాకింది.

తర్వాత రంగులక్క. ముసలమ్మ వెనక ఉన్న గోడా కిటికీ ఆవిడ వేసినవే. ఆ గోడ బొమ్మ వెడల్పు పదహారు వేల చుక్కలు. మా పెద్ద తెర వెడల్పు నాలుగు వేలు. అంటే ఆవిడ గోడలో ముప్పాతిక భాగం ఏ తెరకీ పట్టదు, మెమరీకి మాత్రం పడుతుంది.

"ఇంత పెద్దది ఎందుకక్కా?"

"పెచ్చులూడిన చోట అడుగున పాత సున్నం పొర వేశాను. చూశావా అసలు?"

"దాన్ని చూడాలంటే నేను నిచ్చెనెక్కాలి."

మూతి ముడుచుకుంది. నా నోటి దూల మీద నాకే కోపం వచ్చింది. ఇంక లాభం లేదని జరిగిందంతా చెప్పేశాను. దర్శకుడి గది, దారం, పాఠాలు, నాలుగున్నర ఫోను. ఆవిడ వింటూనే తన ఫైలు తెరిచింది.

"పిన్నిగారి కోసమని ముందే ఏడవచ్చుగా! జరుగు."

తన గోడకి ఒక నకలు తీసి, కళ్ళు సగం మూసుకుని నాలుగు వేలకి కుదించింది. గోడ, కిటికీ, కుర్చీ, దీపం, ఇవేవీ సీనులో కదలవు గనక వాటన్నిటినీ కలిపి ఒకే బొమ్మగా అతికించేశాం. అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ పాపం ఆ దీపాన్ని మూడు వందల ముప్పై ఆరుసార్లు విడివిడిగా మోస్తోంది. గీత రెండు వందల ఎనభై అయింది.

దర్శకుడి తెర మీద పోయిన నెల తెరిచి మర్చిపోయిన ఫైళ్ళు ముప్పై ఒకటి ఉన్నాయి. ఆయన టీకి వెళ్ళినప్పుడు అన్నీ మూసేశాను. అడిగితే ఒక్కొక్క దాని గురించీ కథ చెప్తాడు, నాకంత తీరిక లేదు. మూడు వందల ఇరవై నాలుగు.

ఇంక పన్నెండు బొమ్మలు. అర సెకను. సరిగ్గా ముసలమ్మ నవ్వే అర సెకను. తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరి దగ్గరా ఇంకేం లేదు. ఎవరు ఎంత తింటున్నారో చూపించే పట్టిక మరోసారి కిందికి జరిపి చూస్తే, అట్టడుగున ఒకటుంది. ఎవరు ఎంత తింటున్నారో చూపించే ఆ పట్టికే. రంగురంగుల గ్రాఫులతో నేను ముచ్చటపడి పెట్టుకున్నది. అదే పన్నెండు బొమ్మల మెమరీ తినేస్తోంది. ఎవరూ చూడకుండా మూసేశాను. గీత చివరిదాకా పాకింది.

నాలుగింటికి అందరం హాల్లో చేరాం. హాలంటే పెద్దదేం కాదు, ఎనిమిది కుర్చీలు, వాటిలో రెండు ఒరిగిపోయేవి. దర్శకుడు ముందు వరసలో, పిన్ని తలుపు దగ్గర. నేను మీట నొక్కాను.

దారం కనిపించింది. కిటికీ వెలుతురు దాని మీద పడింది. మొదటిసారి తప్పింది, సూది పక్కనుంచి జారిపోయింది. రెండోసారి కొస చీలింది. నోట్లో తడిపింది. మూడోసారి ఎక్కింది. ముసలమ్మ నవ్వింది. రంగులక్క "అబ్బ!" అంది. నా కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. దర్శకుడు వెనక్కి తిరిగి, "దారం ఉంది పిన్నిగారూ," అన్నాడు సంబరంగా. "మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాను. ఈసారి దారం ఉందన్న ధీమాతో మిగతాది చూశాను. అప్పుడు కనబడింది.

ముసలమ్మ చెయ్యి వణుకుతోంది. అది బాగానే ఉంది, వయసు మీద పడ్డ చెయ్యి వణకాలి. కానీ ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చున్న చోట ఆవిడ భుజం కూడా వణుకుతోంది. ఒళ్ళోని గుడ్డ అంచు వణుకుతోంది. ఏ బొమ్మకి ఆ బొమ్మ ఆపి చూస్తే గీత చక్కగా ఉంది. వరసగా ఆడిస్తే గీతలన్నీ మరుగుతున్న నీళ్ళలా ఉన్నాయి.

పొగాయన ముందుగా గొంతు సవరించుకున్నాడు. "భలే సహజంగా ఉందండీ, ఆ వణుకు."

"చెయ్యి వణకడం నేను పెట్టిందే," అంది పిన్ని తలుపు దగ్గర నుంచి. "కొప్పు వణకడం నేను పెట్టలేదు."

అప్పుడు అందరం కొప్పు చూశాం.

"ఏడాది పైనుంచే ఉంది," అంది. "డాక్టరు భయం లేదన్నాడు. మందిచ్చాడు. కొంచెం తగ్గింది, పూర్తిగా పోదట. క్వార్టర్‌లో కనబడదు. అందుకే నోరు మూసుకున్నాను."

"మరి దారం?" అన్నాను. "క్వార్టర్‌లో దారం పోతోందని నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంట్రా? గీసింది నేను. దారం కోసం ఫుల్‌లో చూడండంటే ఇది కూడా చూస్తారు. దారం మర్చిపోయిందనుకుంటే అనుకోనీ. చెయ్యి పోయిందనుకుంటే మాత్రం నేను తట్టుకోలేను."

ఏడాదిగా నా రూలుకి ఎదురు చెప్పలేదని మురిసిపోయానే, అదీ సంగతి. వద్దురా అంటే మొహమాటమనుకుని, ఆఫీసంతా కాళ్ళావేళ్ళా పడి, ఆవిడ దాచుకున్నదాన్ని పెద్ద తెర మీద వేసి అందరికీ చూపించాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

దర్శకుడు లేచి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. నేల చూస్తూ మాట్లాడాడు. "పిన్నిగారూ, ఆ మూడోసారి ఎక్కించడం, ఆ నవ్వు, అలా ఇంకెవరూ చెయ్యలేరు. కానీ నలభై ఒక్క సీన్లు. అంత పెద్ద థియేటర్ తెర మీద..." ఆపేసి జేబులోంచి ఫోను తీశాడు.

"ఆగండి సార్!" అన్నాను. అరిచానేమో కూడా, ఒరిగిపోయే కుర్చీ ఒకటి పడింది. "నా బతుకంతా బొమ్మలు చిన్నవి చేయడమే. చిన్నది చేస్తే వణుకు పోతుంది. క్వార్టర్‌లో పోయింది కదా? దారం కూడా పోయిందంటే అది ఒక్క చుక్కే ఉంది గనక పోయింది. పిన్ని ఇప్పుడు గీసేదానికి నాలుగింతల సైజులో గీస్తే? దారం నాలుగు చుక్కల మందం, వణుకు మాత్రం ఇప్పుడున్నంతే. తర్వాత నాలుగో వంతుకి కుదిస్తాను. కుదించడమంటే పారేయడం కాదు, పదహారు చుక్కల్నీ కలిపి ఒకటి చేస్తాను. దారం ఒక చుక్క అవుతుంది, వణుకు పావు చుక్క అవుతుంది. పావు చుక్క వణుకు ఏ తెర మీదా కనబడదు."

"నాలుగింతలంటే మెమరీ..." అన్నాడు పొగాయన.

"పదహారింతలు."

"ఎవరిస్తారు?"

అందరూ నావైపే చూశారు. నేనిచ్చేదేముంది, ఇవ్వాల్సింది వాళ్ళు. ముసలమ్మ సీన్లు అయ్యేదాకా మిగతా అందరికీ హాఫూ లేదు, క్వార్టరూ లేదు, అంతకంటే చిన్నదే. ఆ మాటే చెప్పాను. రంగులక్క వెంటనే, "నా గోడలన్నీ తీసుకో," అంది. పొగాయన, "ఎలాగూ పొగే కదా," అన్నాడు.

"వద్దు," అంది పిన్ని. "నా చెయ్యి దాచడానికి ఇంతమంది కళ్ళు మూసుకోవాలా?"

"దాచడం కాదు పిన్నీ. ఇంక దాచడానికేముంది? అందరం చూశాం. నీ పని నువ్వు చెయ్యడానికి. పెద్దగా గీస్తున్నప్పుడు మణికట్టుతో కాదు, భుజంతో గియ్యి..."

"నాకు చెప్తున్నావా గీయడం?" అంది. హాల్లో అందరూ నవ్వారు. దర్శకుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పిన్ని బల్ల చుట్టూ మూగాం. నాలుగింతల కాన్వాసు తెరిస్తే మూల గదిలో మెషీన్ ఫ్యాను రొదపెట్టింది. పిన్ని కొప్పు ఒక్కటే గీసింది. గోడ తుడుస్తున్నట్టు భుజం నుంచి చెయ్యి తిప్పింది. గీత ఆవిడ పెన్ను వెనకాల ఒక ఊపిరి ఆలస్యంగా వస్తోంది. ఒకే కొప్పు, మూడుసార్లు. అంత పెద్ద సైజులో వణుకు స్పష్టంగా కనబడుతోంది, పిన్ని పెదవులు బిగించుకుంది. నేను కుదించాను. మూడు బొమ్మల్నీ తిప్పి తిప్పి ఆడించాను.

కొప్పు కదల్లేదు. తెర ఆగిపోయిందేమో అనుకుని దర్శకుడు నన్ను చూశాడు. ఆకుపచ్చ గీత మీద, ఏ బొమ్మ ఆడుతోందో చూపించే ముల్లు తిరుగుతూనే ఉంది, కొప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆయన అక్కడే నిలబడి నిర్మాతకి ఫోను కలిపాడు. ముసలమ్మ సీన్లన్నీ మా పిన్నిగారే చేస్తున్నారు, ఇంకో నెల ఎక్కువ ఇవ్వాలి అని చెప్పాడు. అవతలి గొంతు లేచింది. ఈయన గొంతు కూడా లేచింది. మాట్లాడుతూ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అందరూ వెళ్ళాక నేనూ పిన్నీ మిగిలాం. ఆవిడ తెర మీద కొప్పుని చాలాసేపు చూసింది.

"ఒరే, ఇది ఇంకా పెరిగితే?"

"ఎనిమిదింతల్లో గీద్దువుగాని."

"ఆ పైన కూడా పెరిగితే?"

ఈ గదిలో ఎవరి మెమరీ ఏ నిమిషానికి నిండుతుందో నేను చెప్పగలను. చెప్పి తిట్లు తినడమే నా ఉద్యోగం. దీనికి మాత్రం నా దగ్గర లెక్క లేదు. ఆవిడతో అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"తెలీదు పిన్నీ," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి తల ఊపింది. కుడిచెయ్యి ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది, ఎవరొచ్చినా కనబడేలాగే. అది వణుకుతోంది. పెన్ను తీసుకుంది.

"సరే, నలభై ఒకటున్నాయి కదా. నీ కుర్చీ కొంచెం అవతలికి జరుపు. నాకు చెయ్యి తిరగడానికి చోటు కావాలి."

కుర్చీ గోడదాకా జరిపాను.